చిన్న మాటలే చిక్కు మాటలు

ఇంగ్లీషులో 29 అక్షరాల మాట ఒకటుంది: ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. పలకాలంటే ముందు ఊపిరి బిగబట్టాలి. అర్థం మాత్రం ఏమంత లోతైనది కాదు. దేన్నయినా పూచికపుల్లలా తీసిపారేయడం, అంతే. లాటిన్‌లో ‘ఉన్ని పీచు పాటి’, ‘వెంట్రుక పాటి’, ‘ఏమీ కానంత’ అనే ధోరణి మాటలు నాలుగింటిని వరసగా గుచ్చి, 18వ శతాబ్దపు ఇంగ్లీషు చదువరులు సరదాకి కట్టిన దండ అది. ఒకసారి అర్థం తెలిస్తే చాలు. ఎక్కడ కనిపించినా అదే అర్థం.

ఇక మూడక్షరాల ‘రన్’ సంగతి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిలివర్ ఈ ఒక్క క్రియాపదం ముందు తొమ్మిది నెలలు కూర్చున్నారు. చివరికి 645 అర్థాలు తేలాయి. ముక్కు కారినా రన్నే, బస్సు తిరిగినా రన్నే. దుకాణం నడిపినా, ఎన్నికల్లో నిలబడినా, సినిమా వంద రోజులు ఆడినా, ఉతికితే చీర రంగు దిగినా అదే మాట. మూడో తరగతిలో ‘రన్ అంటే పరుగెత్తు’ అని నేర్చుకున్న పిల్లవాడి చేతికి ఆ 645లో ఒక్కటి దక్కింది. చాలామంది జీవితమంతా ఆ ఒక్కదానితోనే నెట్టుకొస్తారు.

తెలుగు మాధ్యమంలో చదువుకుని ఉద్యోగానికి వచ్చిన కుర్రాళ్లు ఇంగ్లీషంటే భయపడతారు గానీ, భయపడాల్సిన చోట భయపడరు. పోటీ పరీక్షల పుస్తకాల్లోంచి ‘ఆబ్ఫస్కేట్’, ‘యుబిక్విటస్’ లాంటివి రోజుకు ఇరవై చొప్పున బట్టీ పడతారు. ఆఫీసులో పై అధికారి ‘పుట్ అప్ విత్’ అంటే మాత్రం తెల్లముఖం వేస్తారు. ‘పుట్’ తెలుసు, ‘అప్’ తెలుసు, ‘విత్’ తెలుసు. మూడూ కలిస్తే ‘భరించడం’ అవుతుందని ఎవరూ చెప్పలేదు. ‘విత్’ తీసేస్తే ఎవరింట్లోనో బస చేయడం కావచ్చు. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా, ‘పుట్ అవుట్’ అంటే మంట ఆర్పడం.

ఇది ఇంగ్లీషువాళ్ల తిక్క అనుకోనక్కర్లేదు. తెలుగులో ‘కొట్టు’ను చూస్తే సరిపోతుంది. ఈత కొడతాం, చప్పట్లు కొడతాం, కొబ్బరికాయ కొడతాం, ఫోన్ కొడతాం, డబ్బా కొడతాం, కన్ను కొడతాం. కూర మాడితే వాసన కొడుతుంది, ఉపన్యాసం సాగితే బోరు కొడుతుంది. ఇన్నిటి నడుమ వీధి చివర సరుకులమ్మేదీ కొట్టే. తెలుగు నేర్చుకునే జర్మనీవాడికి ‘కొట్టు అంటే బీట్’ అని ఒక్క ముక్కలో చెప్పి పంపేస్తే పాపం వాడి గతేమిటి? ‘రన్ అంటే పరుగెత్తు’ అని నేర్చుకున్నవాడి గతీ అదే.

ఒకే మాట రెండు పక్కలకీ కత్తిలా పనిచేసే సందర్భాలు మరీ ప్రమాదకరం. బ్యాంకు మేనేజరు ‘లోన్ శాంక్షన్ అయింది’ అంటే ఇంట్లో పాయసం వండుకుంటారు. అదే రోజు పేపర్లో అమెరికా ఇరాన్ మీద ‘శాంక్షన్స్’ విధించిందని ఉంటుంది. ఒకటి మంజూరు, ఇంకొకటి ఆంక్ష. ఎలా కుదిరింది? లాటిన్‌లో దీని మూలానికి చట్టానికి పవిత్రత కట్టబెట్టి కట్టుదిట్టం చేయడమని అర్థం. చట్టం ఒక చేత్తో అనుమతినిస్తుంది, రెండో చేత్తో శిక్ష వేస్తుంది. మాట ఆ రెండు చేతులనూ ఉంచేసుకుంది. ‘ఓవర్‌సైట్’ కూడా ఈ జాతిదే. పర్యవేక్షణ అన్నా అదే, పొరపాటున చూడకుండా వదిలేయడమన్నా అదే. ప్రాజెక్టు నివేదికలో ఈ మాట వాడేటప్పుడు పక్కన ఇంకో మాట చేర్చి తేటపరచకపోతే, చేసిన పని చేయని తప్పుగా మారిపోగలదు.

‘టేబుల్’ కథ మరీ విడ్డూరం. బ్రిటన్‌లోనూ, దాన్ని అనుసరించే మన పార్లమెంటులోనూ ఒక విషయాన్ని టేబుల్ చేయడమంటే సభ ముందు పెట్టడం. అమెరికాలో టేబుల్ చేయడమంటే పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఉభయ దేశాల సైనికాధికారులు ఒక సమావేశంలో ఈ మాట మీదే చాలాసేపు గొడవపడ్డారని విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధ జ్ఞాపకాల్లో రాశాడు. ఒక విషయం వెంటనే చర్చకు రావాలన్నది ఇద్దరి కోరికా. ఒక్క మాట దగ్గర మాత్రం ఎదురెదురు దిక్కులకు తిరిగి నిలబడ్డారు. హైదరాబాద్‌లో కూర్చుని డాలస్ వాళ్లతో రాత్రిపూట మీటింగులు నడిపే ఇంజనీర్లకు ఇది పాత చరిత్రేమీ కాదు. అవతలివాడు ‘టేబుల్ చేద్దాం’ అన్నాడని ఇవతల తెల్లవార్లూ కూర్చుని స్లైడ్లు తయారుచేస్తే అవి చూసే నాథుడుండడు.

పెళ్లి ప్రకటనల ‘హోమ్లీ’ కూడా ఇలాంటిదే. మన దగ్గర ఇంటిపట్టున ఉండే అణకువగల అమ్మాయి. బ్రిటన్‌లో హాయిగా ఇల్లులా అనిపించే చోటు. అమెరికాలో చూడ్డానికి అంత బాగోని మనిషి. అమెరికా సంబంధం వెతికేవాళ్లు ఈ మాటను ఒకసారి తీసి పక్కన పెట్టడం మేలు. బయోడేటాలో ‘2019 పాసవుట్’ అని రాస్తే అమెరికావాడికి ఆ ఏడాది ఈయన స్పృహ తప్పి పడిపోయినట్టు ధ్వనిస్తుంది. ఆ ప్రయోగం మనం కల్పించింది కాదు. బ్రిటిష్ సైనిక శిక్షణాలయాల్లో ‘పాసింగ్ అవుట్ పరేడ్’ ఇప్పటికీ ఉంది. అక్కణ్నుంచి మన కాలేజీల్లోకి వచ్చింది. ‘ప్రీపోన్’ మాత్రం ఇప్పుడు ముఖ్యంగా భారతీయుల వాడుక. ‘పోస్ట్‌పోన్’కు ఎదురు మాటగా దాన్ని వాడతారు. ఆక్స్‌ఫర్డ్ కూడా దాన్ని నిఘంటువులో చేర్చుకుంది. అది తప్పని ఎవరైనా వెక్కిరిస్తే సిగ్గుపడాల్సిన పనిలేదు. అవతలివాడికి తెలుసో లేదో మాత్రం చూసుకోవాలి.

అసలు తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలతోనే ఎక్కువ చిక్కు. అవి తెలిసినవే కదా అని ఎవరూ నిఘంటువు తెరవరు. ఊళ్లో ‘హోటల్’ ఇడ్లీ తినే చోటు, విదేశంలో పడుకునే చోటు. మన ‘బైకు’కు పెట్రోలు కావాలి, అమెరికాలో చాలాసార్లు బైక్ అంటే తొక్కే సైకిలే. మన ‘మటన్’ మేకది కావచ్చు, లండన్‌లో అది ముదిరిన గొర్రెది. ఇంకా విచిత్రం ‘స్టెప్నీ’. లారీ డ్రైవర్ నుంచి ఆటో మెకానిక్ దాకా రోజూ అనే మాట. ఇంగ్లండ్‌లో ఈనాటి కుర్రాణ్ని అడిగితే బహుశా లండన్‌లోని ఆ పేరుగల పేట చూపిస్తాడు. వేల్స్‌లోని లానెల్లీ పట్నంలో స్టెప్నీ అనే వీధి ఉంది. 1900ల తొలినాళ్లలో అక్కడ తయారైన అదనపు చక్రాలకు ఆ వీధి పేరే పెట్టారు. కన్నవాళ్లు మరిచిన మాటను విజయవాడ ఆటోనగర్ పెంచి పోషిస్తోంది. అపురూప పదాల కోసం లావుపాటి పుస్తకాలు వెతికేవాళ్లు ఒకసారి కారు డిక్కీ కూడా తెరిచి చూడొచ్చు.

మనం ఇచ్చినవీ ఉన్నాయి. ఇంగ్లీషు ‘బ్యాండికూట్’ మన పందికొక్కే. తెలుగు నేలను దాటి ఇంగ్లీషులో చేరి, అక్కణ్నుంచి ఆస్ట్రేలియా వెళ్లి, ఎలుక జాతితో ఏ చుట్టరికమూ లేని ఒక సంచి జంతువుకు పేరై కూర్చుంది.

మరి ఇన్ని అర్థాల అడవిలో దారి ఎలా? మొదటి దారి, మాటను దాని స్నేహితులతో కలిపి చూడటం. బ్రిటిష్ భాషావేత్త జె.ఆర్. ఫర్త్ 1919 నుంచి 1928 దాకా లాహోర్‌లో ఇంగ్లీషు ఆచార్యుడు. మాట ఎవరితో తిరుగుతుందో చూస్తే దాని సంగతి తెలుస్తుందన్న సూత్రానికి తర్వాతి రోజుల్లో ఆయన పేరే నిలిచింది. తెలుగువాడికి దీన్ని వివరించనక్కర్లేదు. ‘కటిక’ అనే మాట చీకటితో, పేదరికంతో, నేలతో, ఉపవాసంతో తిరుగుతుంది. కటిక వెలుగు, కటిక భోజనం అని ఎవరూ అనరు. ఎందుకని అడిగితే చెప్పలేరు కూడా. ఇంగ్లీషులో టీ ‘స్ట్రాంగ్’గా ఉంటుంది గానీ ‘పవర్‌ఫుల్’గా ఉండదు. వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’. తెలుగులో తప్పూ చేస్తాం, హోంవర్కూ చేస్తాం. అందుకే ‘డూ మిస్టేక్’ అనేస్తాం. ఇంగ్లీషులో హోంవర్క్‌ను ‘డూ’ చేస్తారు, మిస్టేక్‌ను ‘మేక్’ చేస్తారు. దీనికి సూత్రం వెతికి ప్రయోజనం లేదు. జంటను జంటగా నేర్చుకోవడమే.

రెండో దారి కుటుంబం పట్టుకోవడం. ఆసుపత్రి మెట్ల మీద ‘ఎక్స్‌పైర్ అయ్యారు’ అనే మాట వినని తెలుగు కుటుంబం ఉండదు. మందుల డబ్బా మీద ఉండే మాట మనిషికి వాడటం మొరటుగా తోస్తుంది గానీ, పుట్టుకలో అది మందులది కాదు, మనిషిదే. లాటిన్‌లో ‘స్పిరారే’ అంటే శ్వాసించడం. ఎక్స్‌పైర్ అంటే ఊపిరి బయటికి వదలడం. ‘ఊపిరి వదిలాడు’ అని మనమూ అంటాం కదా. ‘ఇన్‌స్పైర్’ అంటే లోపలికి ఊపిరి ఊదడం. ‘ఊపిరి పోశాడు’ అన్నా ఇంచుమించు అదే. ‘పెర్‌స్పైర్’ అంటే చర్మంలోంచి ఊపిరి, అంటే చెమట. ‘కాన్‌స్పిరసీ’ అన్నిటికన్నా బాగుంటుంది. కలిసి ఊపిరి పీల్చుకోవడం. తలలు దగ్గరికి చేర్చి గుసగుసలాడే కుట్రదారులు కళ్లముందు కనిపిస్తారు. ఒక్క వేరు పట్టుకుంటే నాలుగైదు మాటలు మట్టితో సహా పైకొస్తాయి. బట్టీ పట్టిన ఇరవైలో వారం తర్వాత మిగిలేవి ఇన్ని ఉండవు.

ఇక్కడ తెలుగు పాఠకుడికి చేతిలో ఒక అదనపు పనిముట్టు ఉంది. తెలుగు ద్రావిడ భాషే అయినా వేల సంస్కృత పదాలను మోస్తోంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. అంటే మన తత్సమాలకు ఇంగ్లీషులోని లాటిన్ మాటలు దాయాదులు. ‘ట్రైడెంట్’ను విడదీస్తే త్రి, దంత. ‘పెడస్ట్రియన్’లో ఉన్నది పాదమే. డొనేట్‌లో దానం, సర్పెంట్‌లో సర్పం, జువెనైల్‌లో యువ, నేసల్‌లో నాస, ఆఖరికి వామిట్‌లో వమనం. కొత్త మాట ఎదురైనప్పుడు ఒక్క క్షణం ఆగి ఈ చుట్టరికం తడిమి చూస్తే సగం పని అయిపోతుంది.

అయితే చుట్టరికం వేరు, సంతానం వేరు. ‘నావిగేషన్’ మన ‘నవగతి’ నుంచి పుట్టిందని వాట్సాప్‌లో తిరిగే సందేశాలు నమ్మదగ్గవి కావు. లాటిన్ ‘నావిస్’, సంస్కృత ‘నౌ’ అక్కాచెల్లెళ్లు, తల్లీబిడ్డలు కారు. ‘ఆంట్’కూ ‘అత్త’కూ అసలు ఏ బంధుత్వమూ లేదు. ఒకటి లాటిన్ ‘అమిటా’ అరిగి మిగిలినది, రెండోది ద్రావిడం.

ఇక అరుదైన మాటలు. వాటిని పూర్తిగా పక్కన పెట్టమనడం అన్యాయం. కొన్ని నిజంగా అందంగా ఉంటాయి. తొలకరి చినుకు పడగానే మట్టి లోంచి లేచే వాసనకు ఇంగ్లీషులో 1964 దాకా సరైన పేరే లేదు. ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ‘పెట్రికోర్’ అని పేరు పెట్టారు. గ్రీకులో రాయి, దేవతల నరాల్లో ప్రవహించే ద్రవం, ఈ రెండూ కలిపిన మాట. అంతకు చాలా ముందే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో ఆ వాసనను అత్తరుగా సీసాల్లోకి పట్టి అమ్ముతున్నారు. పేరు రాకముందే సరుకు బజారుకొచ్చిందన్నమాట. 2017 మేలో శశి థరూర్ ట్విటర్‌లో ‘ఫర్రాగో’ అనగానే దేశం నిఘంటువుల మీద పడింది. ఏదో గంభీరమైన తిట్టనుకున్నారు. లాటిన్‌లో అది పశువులకు వేసే కలగలుపు దాణా. ఇలాంటివి తెలిసి ఉంటే చదువుతున్నప్పుడు నవ్వొస్తుంది. ఉద్యోగ దరఖాస్తులో రాస్తే మాత్రం చదివేవాడికి నవ్వొస్తుంది.

అంకెల్లో చూసినా తూకం చిన్న మాటల వైపే. ఢాకాలో ఏళ్ల తరబడి ఉపాధ్యాయ శిక్షణలో పనిచేసిన మైఖేల్ వెస్ట్, బెంగాలీ పిల్లలు ఇంగ్లీషు పుస్తకం ముందు పడే అవస్థ చూసి, అసలు ఎన్ని మాటలొస్తే గట్టెక్కుతారని లెక్క తీసే పనిలో పడ్డాడు. 1953లో ఆయన ప్రచురించిన జాబితాలో ఉన్నవి దాదాపు 2,000 పదాలు. మామూలు ఇంగ్లీషు పేజీలో దాదాపు 80 శాతం వాటితోనే నిండుతుంది. అవన్నీ ఇంటర్ పాసైన వాళ్లకు ‘తెలిసిన’ మాటలే. ఎన్ని వైపుల నుంచి తెలుసన్నదే ప్రశ్న.

నిఘంటువు తెరిచే పద్ధతిలోనూ ఒక కిటుకుంది. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు, అమెరికా మెరియమ్ వెబ్‌స్టర్ అర్థాలను చరిత్ర వరసలో ఇస్తాయి. మొదట ఉండేది పాత అర్థం, వాడుకలో ముందున్న అర్థం కాకపోవచ్చు. హడావుడిగా ఒకటో నంబరు చూసి మూసేసేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. నేర్చుకునేవాళ్ల కోసం రాసిన నిఘంటువులు వేరే. ఏ.ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ తయారుచేసిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. దాన్నే 1948లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. ఈ రకం పుస్తకాల్లో అర్థం తేలిక మాటల్లో ఉంటుంది, వెంట ఉదాహరణ వాక్యం ఉంటుంది. శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును ఇంట్లోంచి తీసేయమని కాదు. తెలుగు మాట తట్టనప్పుడు దాని సాయం పెద్దదే. కానీ అది ‘రన్’కు తెలుగు మాటలు ఇవ్వగలదు, ‘రన్’తో వాక్యం కట్టే ఒడుపు ఇవ్వలేదు.

నిఘంటువు వేదం కూడా కాదు. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో ‘డోర్డ్’ అంటే సాంద్రత అని అచ్చయింది. అలాంటి మాటే లేదు. పెద్ద ‘డి’ గానీ చిన్న ‘డి’ గానీ సాంద్రతకు సంకేతమని రాసిన చీటీని ఎవరో ఒకే మాటగా చదివేశారు. అయిదేళ్లదాకా ఎవరికీ అనుమానం రాలేదు.

చీటీల ప్రస్తావన వచ్చింది గనక, సాధన పద్ధతి కూడా అక్కణ్నుంచే తీసుకోవచ్చు. 1879లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు పనికి పూనుకున్న జేమ్స్ మరే, ఒక రేకుల షెడ్డులో అరలు కట్టించి, చదివే అలవాటున్న జనాన్ని వాక్యాలు పంపమని కోరాడు. ఎవరూ అర్థాలు పంపలేదు. ఏ పుస్తకంలో ఏ మాట ఏ వాక్యంలో కనిపించిందో చీటీ మీద రాసి పంపారు. లక్షల చీటీలు వచ్చిపడ్డాయి. వాటిని కుప్పలుగా విడదీస్తే అర్థాలు తేలాయి. మొదటి భాగం 1884లో వచ్చింది. మరే 1915లో పోయాడు, పని 1928లో గానీ ముగియలేదు. అంత ఓపిక ఎవరికీ అక్కర్లేదు గానీ, ఆ పద్ధతి చిన్న నోటుబుక్కులో ఇముడుతుంది. వారానికి ఒకే ఒక చిన్న మాట. గెట్, సెట్, టేక్, టర్న్, ఏదో ఒకటి. పేపర్లో, సినిమాలో, ఆఫీసు మెయిల్లో అది కనిపించినప్పుడల్లా వాక్యం మొత్తం రాసుకోవాలి. తెలుగు అర్థం పక్కన రాయకూడదు, అదొక్కటే నియమం. ఆదివారం కూర్చుని ఒకేలా తోచిన వాక్యాలను గుంపులు కట్టి, గుంపుకొక తెలుగు వాక్యం రాయాలి. మాటకు మాట కాదు, వాక్యానికి వాక్యం. ఎవరికైనా మొదటి వారంలోనే ఏడెనిమిది గుంపులు తేలి ఆశ్చర్యమేస్తుంది.

మొదటి మాటగా ‘లెట్’ తీసుకుంటే బాగుంటుంది. అనుమతించు, పోనివ్వు అని అందరికీ తెలుసు. కానీ పాత ఇంగ్లీషులో ఇంచుమించు ఇలాగే పలికే మాటలు రెండుండేవి. ఒకదానికి ‘వదులు’ అని అర్థం, రెండోదానికి ‘అడ్డుకో’ అని. కాలక్రమంలో రెండిటి రూపమూ ఒకటైపోయింది. అడ్డుకునే ‘లెట్’ దాదాపు చచ్చిపోయి, టెన్నిస్‌లో బంతి వలకు తగిలి సర్వీసు మళ్లీ వేయాల్సినప్పుడు అంపైర్ నోట మిగిలింది. ఇంకో చోట కూడా మిగిలింది. భారత పాస్‌పోర్టు ఇంట్లో ఉంటే తీసి, లోపల రాష్ట్రపతి పేరిట విదేశాలకు చేసిన విజ్ఞప్తి చదవండి. దీన్ని పట్టుకొచ్చిన మనిషిని అడ్డూ ఆటంకమూ లేకుండా పోనివ్వమని కోరే ఆ వాక్యంలో, ‘అడ్డు’ అన్న చోట ఉన్నది ‘లెట్’.